స్లాబు దగ్గర ఉన్నారు

పదకొండింటికల్లా వస్తానన్నాడు బ్రహ్మయ్య. శావల్యాపురంలో బస్సెక్కబోతూ ఇంకోసారి ఫోన్ చేసి, సారు ఉంటాడు గదమ్మా ఇయ్యాల, అని అడిగాడు. ఉంటారండీ, రండి, అంది హిమజ. అనేసింది. అనేశాక ఫోను ఆఫీసు బల్ల మీద పెట్టి దానివంకే చూస్తూ కూర్చుంది. అది ఆమె ఫోను కాదు, ఆమె భర్త భానుప్రకాష్‌ది. వాళ్ళ కంపెనీ వెబ్‌సైటులో ఉన్న నంబరు దానిదే. భానుప్రకాష్ మొన్న మాఘమాసంలో, కోటప్పకొండ తిరునాళ్ళ ఇంకా రాకముందే, చనిపోయాడు. ఇప్పుడు శ్రావణం నడుస్తోంది. ఈ సంగతి నరసరావుపేటలో సిమెంటు కొట్టువాళ్ళకి తెలుసు, ఇనుము కొట్టువాళ్ళకి తెలుసు, పక్కన జిరాక్సు షాపు నడిపే ఎస్తేరుకి తెలుసు, రోజూ టీ తెచ్చే మీరా సాహెబ్‌కి తెలుసు. సంచీ ఒళ్ళో పెట్టుకుని బస్సులో కూర్చున్న ఆ పెద్దమనిషికి మాత్రం తెలియదు. తెలియకుండా చేసింది హిమజే. ఇక మిగిలింది గంట.

కంప్యూటర్లో ‘గడప బిల్డర్స్’ వెబ్‌సైటు తెరిచి ఉంది, జనం చూసే వైపు నుంచి కాదు, మార్పులు చేసే వైపు నుంచి. ‘మా గురించి’ అన్న చోట, ప్రతి స్లాబుకూ ఇంజనీరు భానుప్రకాష్ గారే స్వయంగా దగ్గరుంటారు, అని ఉంది. ఆ వాక్యం చివర కర్సరు ఆరుతూ వెలుగుతూ ఉంది. దాన్ని తీసెయ్యాలి. దాని పక్కన ఎండకి కళ్ళు చికిలించిన ఫోటో, నెత్తిన ఆయన ఏనాడూ పెట్టుకోని పసుపు హెల్మెట్టు, ఫోటో కోసమని, పనులన్నీ చూసుకునే వాజిద్ నెత్తి మీద నుంచి తీసి పెట్టుకున్నది, ఆ ఫోటో కింద ఒక మాట చేర్చాలి. నంబరు తీసి తన నంబరు పెట్టాలి. బ్లాగులో కొత్తగా ఏదో ఒకటి రాయాలి. ఎంతసేపు పని? కూర కోసినంతసేపు పట్టదు. వాజిద్ ఈ మాట అడగని వారం లేదు. వదినా, ఆ వెబ్‌సైటు సంగతి చూడవా, అంటాడు, చూస్తా అంటుంది, ఇద్దరూ వేరే మాటలోకి వెళ్ళిపోతారు. ఇవాళ మాత్రం నిజంగానే కూర్చుంది. బ్రహ్మయ్య వచ్చేలోపు ఇదంతా మార్చేస్తే, చెప్పాల్సింది అదే చెప్పేస్తుంది, తను నోరు విప్పక్కర్లేదు అనుకుంది. బస్సులో ఉన్న మనిషి వెబ్‌సైటు చూస్తాడా ఏమన్నా? ఆయన చేతిలో ఉన్నది బొత్తాల ఫోను. చదివి వినిపించేది కూతురు, ఆ పిల్ల మాచర్ల అత్తారింట్లో ఉంది. అదంతా తెలిసీ అలా అనుకుంది. భయమేసినప్పుడు మనసు తన వకీలుని తనే పెట్టుకుంటుంది.

ఎదుటి గోడ మీద మేకు ఒక్కటే ఉంది. పొద్దున షట్టరెత్తగానే ఆమె చేసిన మొదటి పని ఆ మేకుకున్న ఫోటో దించడం. అదే హెల్మెట్టు ఫోటో, వాజిద్ పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి, గంధపు చెక్కల దండ వేసి తెచ్చాడు. కుర్చీ ఎక్కి దించింది. కింది సొరుగులో, టైల్స్ శాంపిళ్ళ మీద, బోర్లా పెట్టింది. సొరుగు మూస్తుంటే దండ కొస బయటికొచ్చి నలిగింది, మళ్ళీ తెరిచి వేలితో లోపలికి తోసింది. తోస్తుంటే, ఎవరన్నా చూస్తున్నారేమోనని వెనక్కి తిరిగి చూసింది. సొంత మొగుడి ఫోటోని దొంగసొత్తులా దాస్తున్నావే, అని లోపల ఎవరో అన్నారు. ఆ గొంతు వాళ్ళమ్మది కాదు, అత్తది కాదు, తనదే. గోడ మీద ఆ ఫోటో ఉన్నంత మేర సున్నం తెల్లగా మిగిలిపోయింది. బ్రహ్మయ్యకి అదేం తెలుస్తుంది, క్యాలెండరు ఉండేదేమో అనుకుంటాడు.

అసలీ మాట అబద్ధంగా పుట్టలేదు. సారు స్లాబు దగ్గర ఉన్నారండీ. పెళ్ళయిన కొత్తలో, నకరికల్లులో ఎవరిదో డాబాకి స్లాబు వేస్తున్నప్పుడు, భానుప్రకాష్ వంగితే జేబులో ఫోను జారి తడి కాంక్రీటులో పడింది. ఎవరూ చూడలేదు. దాని మీద ఇంకో పది తట్టలు కుమ్మరించి చదును చేసేశారు. ఆ ఫోను ఇప్పటికీ ఆ ఇంటి హాల్లో, ఫ్యానుకి ఆ పక్కనో ఈ పక్కనో, పైకప్పులోనే ఉంది. గృహప్రవేశం భోజనాల్లో ఆ ఇంటాయన పైకి చూపిస్తూ, మా ఇంటికి ఎప్పుడన్నా ఫోన్ చెయ్యండయ్యా, పలుకుద్దేమో, అని అందరినీ నవ్వించాడు. ఆ దెబ్బతో భానుప్రకాష్ స్లాబు రోజున ఫోను ఇంట్లో ఇచ్చి వెళ్ళడం మొదలుపెట్టాడు. ఏమే, ఇదుగో, ఇయ్యాల స్లాబు. అంతే, గుమ్మంలో నిలబడి ఆమె చేతిలో ఫోను పెట్టి బండి తీసేవాడు. పొయ్యి మీద పులుసు ఒక పక్క, ఏడ్చే పిల్ల ఇంకో పక్క, భుజానికీ చెంపకీ మధ్య ఈ ఫోను. స్లాబు దగ్గర ఉన్నారండీ, సాయంత్రం చేయండి. ఎన్ని వందలసార్లు అని ఉంటుందో, కూతురు లిఖితకి అప్పుడప్పుడే మాటలొస్తున్న రోజుల్లో టీవీ రిమోటు చెవి దగ్గర పెట్టుకుని, సాలు తాబు దగ్గల ఉన్నాలండీ, అంటే ఇల్లంతా విరగబడి నవ్వింది. భానుప్రకాష్ ఆ రిమోటుని పిల్ల చెవి దగ్గరే పట్టుకుని, ఎప్పుడొత్తాడండీ మీ సారు, అని గొంతు మార్చి అడిగేవాడు. పిల్ల ఆలోచించి, లాడు, అనేది. రాడు అని. ఎందుకనేదో మరి, ఊరికే, నోటికొచ్చింది అనేది.

స్లాబంటే పెళ్ళి లాంటిది, మొదలుపెడితే ఆగకూడదు. తెల్లవారకముందే కంకర కలిపే మిల్లరు ముందు కొబ్బరికాయ కొట్టి, చక్రం కింద నిమ్మకాయ పెట్టి, ఒక కోడి మెడ తిప్పి మొదలెడతారు. అక్కడి నుంచి తట్ట చేయి మారుతూనే ఉండాలి. అన్నానికి కూడా వంతులేసుకుని దిగుతారు, సగం మంది తింటుంటే సగం మంది పోస్తుంటారు. మధ్యలో ఆగితే ఆగిన చోట గీత పడుతుంది, పోసింది ఒకటిగా అతకదు, వానాకాలం ఆ గీత వెంట ఇల్లు కారుతుంది. భానుప్రకాష్ మామూలుగా మెత్తని మనిషే, స్లాబు రోజున మాత్రం పూనకమొచ్చినట్టు ఉండేవాడు. మబ్బేస్తే మబ్బుని తిట్టేవాడు.

మాఘమాసంలో ఆ రోజు స్లాబు సత్తెనపల్లి రోడ్డులో ఇంటికి. ఆ రోజూ ఫోను ఇచ్చి వెళ్ళాడు. పొద్దుటి నుంచీ వచ్చిన ప్రతి ఫోనుకీ అదే చెప్పింది, టైల్స్ షాపతనికి చెప్పింది, కిటికీలు చేసే వడ్రంగికి చెప్పింది. గురజాల నుంచి ఎవరో ఒకావిడ, వెబ్‌సైటు చూసి చేస్తున్నానండీ, అంటూ మొదలుపెట్టి, వాళ్ళ మరిది స్థలం మింగిన కథ చెప్పడం మొదలెట్టింది. ఊఁ కొడుతూ ఉంది హిమజ. మధ్యలో తన సొంత ఫోను మోగింది, వాజిద్. భోజనాలు ఎక్కువ పంపమని ఉంటుందిలే అని నొక్కేసింది. మళ్ళీ మోగింది, మళ్ళీ నొక్కేసింది. స్లాబు దగ్గర ఉన్నారమ్మా, ఇవాళ మాట్లాడలేరు, రేపు తప్పకుండా మాట్లాడతారు, అని ఆవిడకి తీరిగ్గా చెప్పి, అప్పుడు వాజిద్‌కి చేసింది. భానుప్రకాష్ ఆ సరికే ఆసుపత్రి స్ట్రెచరు మీద ఉన్నాడు. ఆ సరికే లేడు. మరి ఆ మాట అబద్ధమయింది ఎప్పుడు? మొదటిసారి వాజిద్ ఫోను నొక్కేసినప్పుడా, రెండోసారా, రేపు మాట్లాడతారు అన్నప్పుడా? తనకి తెలియకుండానే తన నోట్లోనే నిజం కాస్తా అబద్ధమైపోతే, ఆ తర్వాత తెలిసి చెప్పినవాటికి తప్పు ఎక్కడి నుంచి పట్టుకుంటారు? ఈ ప్రశ్న ఆమెని ఎవరూ అడగలేదు. ఆమె అడిగే మనిషి కూడా ఎవరూ లేరు.

గుండెల్లో పట్టేసినట్టుందని ఊచల మోపు మీద కూర్చున్నాడట. గ్యాసులేరా, సోడా తెప్పించు, అన్నాడట. సోడా వచ్చేలోపు ఒరిగిపోయాడట. సిమెంటు బస్తాలు తెచ్చిన ట్రాలీ ఆటోలోనే పడుకోబెట్టి తీసుకెళుతుంటే వాజిద్ చొక్కా పట్టుకుని, స్లాబు ఆపమాక రా, అన్నాడట. అదే ఆఖరు. భార్య పేరు కాదు, పిల్ల పేరు కాదు, దేవుడి పేరూ కాదు. వాజిద్ ఆసుపత్రి గుమ్మంలో నుంచే మేస్త్రికి ఫోన్ చేసి, పొయ్యండి, ఆపొద్దు, అని చెప్పాడు. పొద్దుగూకే వేళకి స్లాబు ముగిసింది. వండిన బిర్యానీ వండినట్టే ఉండిపోయింది, పనివాళ్ళు ఒక్కరూ ముట్టకుండా చేతులు కడుక్కుని వెళ్ళిపోయారు. ఈ సంగతి తెలిశాక హిమజ చాన్నాళ్ళు వాజిద్ మొహం చూడలేదు. మనిషి అక్కడ పోతుంటే కాంక్రీటు పోస్తారా మీరు, మనుషులేనా, అని వాళ్ళమ్మ దగ్గర ఏడ్చింది. తర్వాత ఒకనాడు బియ్యం ఏరుతుంటే తట్టింది, ఆపి ఉంటే ఆయన పాడె మీద నుంచి లేచి అందరినీ బూతులు తిట్టి ఉండేవాడని. అలా తట్టి నవ్వొచ్చింది. నవ్వొచ్చినందుకు మళ్ళీ ఏడ్చింది. వాజిద్‌కి ఆ రోజే ఫోన్ చేసి, అన్నం తిన్నావా, అని అడిగింది.

మొదటి అబద్ధం పెద్దకర్మ రోజున. భోజనాల బంతి నడుస్తోంది, ఆమె వెనక గదిలో ఆడవాళ్ళ మధ్య కూర్చుని ఉంది, ఎవరూ తియ్యని ఆ ఫోను ఎక్కడో గూట్లో మోగింది. లేచి తీసింది. భానుప్రకాష్ గారాండీ, మేము ఇల్లు కట్టుకోవాలనుకుంటున్నామండీ. స్లాబు దగ్గర ఉన్నారండీ. అనుకుని అనలేదు, తుమ్ము వచ్చినట్టు వచ్చేసింది. భానుప్రకాష్ మేనత్త గరిటె పట్టుకున్నది పట్టుకున్నట్టే ఆగిపోయి ఆమె వంక చూసింది. హిమజ వెంటనే మళ్ళీ ఫోన్ చేసి, కాదండీ, అని చెప్పాల్సింది. చెయ్యలేదు. ఎందుకంటే, అవతల ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి, భానుప్రకాష్ స్లాబు దగ్గర ఉన్నాడని నమ్మి ఫోను పెట్టేశాడు. ఈ లోకంలో అలా నమ్మేవాడు ఒక్కడన్నా ఉన్నాడు. ఆ పూట ఆమెకి నాలుగు మెతుకులు దిగాయంటే ఆ మనిషి పుణ్యమే.

ఆ తర్వాత ఫోన్ చేసినవాళ్ళలో చాలామంది మళ్ళీ చేయలేదు. మళ్ళీ చేసినవాళ్ళని వాజిద్‌కి అప్పజెప్పింది, అతను చెప్పుకున్నాడు. బ్రహ్మయ్య అలా తేలే మనిషి కాదు. ఆయన మొదటి ఇల్లు నల్లరేగడిలో కట్టించి దెబ్బతిన్నాడు. ఎండాకాలం నేల నోరు తెరుస్తది తల్లీ, వానాకాలం మూసుకుంటది, మద్దెన నా గోడలు చచ్చినయ్, అన్నాడు మొదటిరోజే. మీ సారు రాసినయ్యి మా అమ్మాయి చదివి చెప్పింది, నా ఇల్లు చూసి రాసినట్టే ఉండాయి, పునాదికి ఎంత లోతు తియ్యాలో సారుని అడిగి చెప్పమ్మా. అడిగి చెప్తానండీ, అంది. ఏమిటా అడగడం? వంటింట్లోకి వెళ్ళి నిలబడింది. ఏం చెప్తాడో ఆమెకి తెలుసు. మర్నాడు ఫోన్ చేసి, గట్టినేల తగిలేదాకా దిగమన్నారండీ, తవ్విన నల్లమట్టి మళ్ళీ దాంట్లో పోయొద్దన్నారు, గ్రావెలు తోలించుకోమన్నారు, అని చెప్పింది. అన్నారు, అన్నారు, అన్నారు. ఆ మాట అంటుంటే నోరు తియ్యగా అయ్యింది. బ్రహ్మయ్య ఊరుకోడు కదా, గ్రావెలు యాణ్ణుంచి తోలేది, ఆ మట్టికేమైందంట, అట్టా కాదని చెప్పు సారుకి, అని పోట్లాడాడు. ఆ పోట్లాట మోసుకుని మళ్ళీ వంటింట్లోకి. అన్నీ తెలిస్తే ఆయన్నే కట్టుకోమనవే, నన్నెందుకు అడగటం, అన్నాడు భానుప్రకాష్, స్పష్టంగా, పోపు గింజల డబ్బా పక్క నుంచి. అలా అంటే ఎట్లాగండీ, పెద్దాయన, అంది హిమజ. పైకే అంది. తర్వాత ఆ మాటని మెత్తగా చేసి, సారు కాస్త కోప్పడ్డారండీ, అని చేరవేసింది. కోపిష్టోడా, మంచిదే, అని బ్రహ్మయ్య తృప్తిగా నవ్వాడు. ఇన్ని నెలల్లో ఆమె మొగుడితో మాటామాటా అనుకున్నది ఆ ఒక్క చోటే.

కానీ బ్రహ్మయ్య ఒక్క పట్టు పట్టాడు. మడిసిని కళ్ళతో చూడకుండా గునపం దించనమ్మా, నాకు కాయితాలొద్దు, సారు మొకం చూడాల. శ్రావణంలో ముహూర్తం పెట్టించేశాడు. ఆమె వాయిదాల మీద వాయిదాలు వేసింది, గురజాల వెళ్ళారండీ, మాచర్లలో నాపరాయి చూడ్డానికి వెళ్ళారండీ. పల్నాడులో ఊళ్ళు అయిపోయాయి, సాకులు అయిపోయాయి, ఇప్పుడు ఆయన బస్సులో ఉన్నాడు, రొంపిచర్ల దాటాడో లేదో. గురజాలలో వాజిద్ చేస్తున్న పని ఈ నెలాఖరుకి అయిపోతుంది. బ్రహ్మయ్య ఇల్లు ఒక్కటే తర్వాతి పని. అది లేకపోతే మేస్త్రులు గుంటూరు వైపు పోతారు, పోయినవాళ్ళని వెనక్కి పిలవడం ఎవరి వల్లా కాదు, గడప బిల్డర్స్ అన్నది ఇక ఆ బోర్డు మీదే ఉంటుంది.

వాజిద్ ఫోన్ చేశాడు, ఆమె ఫోనుకి. వెనక రాయి కోసే మిషను గోల.

“వదినా, పెద్దాయన వచ్చాడా?”

“ఇంకా లేదు.”

“అన్న సంగతి ఆయనకి చెప్పావుగా?”

హిమజ గోడ మీది మేకు వంక చూసింది. మిషను గోల దూరమైంది. వాజిద్ పక్కకి వచ్చినట్టున్నాడు.

“చెప్పలేదా? ఏంది వదినా ఇది. ఆయన అన్నని చూట్టానికి వస్తన్నాడు.”

“చెప్తాలే.”

“నేను ఫోన్ కొట్టి చెప్పనా?”

“వద్దు. నేనే చెప్తా.”

“పోతే పోద్ది పని. నువ్వు భయపడమాక,” అన్నాడు వాజిద్, కానీ అతని గొంతులోనే భయముంది. ఫోను పెట్టేశాక ఆ భయం ఆఫీసులో మిగిలింది.

బ్లాగు రాద్దామని కొత్త పేజీ తెరిచింది. తెల్లగా ఉంది. ఆ బ్లాగు ఏనాడూ ఆయన రాసింది కాదు, ఆమె రాసిందీ కాదు. ఆయన అన్నం తింటూ మాట్లాడేవాడు, ఆమె ఎదురుగా కూర్చుని ఫోన్లో టైపు కొట్టుకునేది, తర్వాత దాన్ని నలుగురూ చదివే తెలుగులో పెట్టేది. చదివి వినిపిస్తే ముద్ద పట్టుకుని ఆగిపోయి, నేను తిట్టిన తిట్టు యాడబోయిందే, అనేవాడు. తిట్లు రాయరండీ. తిట్టకపోతే వాళ్ళకి ఎట్టా ఎక్కుద్ది? వానలో స్లాబు వేయవచ్చా, నాపరాళ్ళా టైల్సా, మేస్త్రితో గొడవెందుకు వస్తుంది. ఆయన పోయాక కూడా ఆమె ఆపలేదు. ఎప్పుడో కొట్టుకుని పెట్టుకున్నవి, గుర్తున్నవి, ఒక్కొక్కటే పెడుతూ వచ్చింది. ఆపమాక అన్నది వాజిద్‌తోనే అయినా, ఆ మాట ఆమె కూడా తీసుకుంది. పోయిన నెల కిటికీల మీది సజ్జాల గురించి పెట్టింది. దాంతో ఆయన మాటలు అయిపోయాయి. డబ్బాలో అడుగు తగిలినట్టు చేతికి తెలిసింది.

ఒక్కటి ఉంది. స్లాబు మధ్యలో ఆగిపోతే ఏం చేయాలి. అది చెప్పీ చెప్పగానే, ఇది రాయమాకే, రాస్తే ఆపొచ్చని అనుకుంటారు జనం, అని తనే వద్దన్నాడు. మిల్లరు చెడిపోవచ్చు, వాన ముంచెత్తొచ్చు, మనిషి చేతుల్లో లేనిది ఏదైనా జరగొచ్చు. ఆగాల్సి వస్తే ఎక్కడ పడితే అక్కడ ఆగకూడదు, ఆగే చోటు చూసుకుని ఆగాలి. మర్నాడు ఆ అంచుని గరుకుగా గీకాలి. దుమ్ము లేకుండా కడగాలి. సిమెంటు పాలు పొయ్యాలి. అప్పుడు కొత్తది పొయ్యాలి. మరి గీత కనపడదా అండీ, అని అడిగింది ఆమె. కనపడుద్ది. కనపడనియ్, కారకుండా ఉంటే చాలదా, అని కంచంలో చెయ్యి కడిగేసుకున్నాడు. ఆ మాటలన్నీ కొట్టింది హిమజ, ఈసారి మార్చకుండా, కనపడనియ్ అన్నది కనపడనియ్ అనే. కొట్టి, ‘మా గురించి’లోకి వెళ్ళి ఆ వాక్యం తీసేసింది. నంబరు తీసి తనది పెట్టింది. ఫోటో కింద, ‘భానుప్రకాష్, మాఘమాసంలో స్లాబు దగ్గర చనిపోయారు’ అని కొట్టింది. ఆ అక్షరాలు ఎవరో రాసిన వార్తలా ఉన్నాయి. కింద ‘అప్‌డేట్’ అన్న బొత్తాం ఉంది. దాని మీదికి బాణం తెచ్చి, వేలు ఎత్తి, దించలేకపోయింది.

బయట సన్నగా తుంపర పడుతోంది. ఆఫీసుకి ఎండ కొడుతుందని భానుప్రకాష్ అద్దం తలుపుకి నల్ల ఫిల్మ్ వేయించాడు, లోపలివాళ్ళకి వీధి కనపడుతుంది, వీధిలోవాళ్ళకి లోపల కనపడదు. తువ్వాలు నెత్తిన వేసుకున్న ఒక ముసలాయన రోడ్డు దాటి వచ్చి, మెడ ఎత్తి బోర్డు పోల్చుకుని, తలుపు ముందు నిలబడ్డాడు. పొట్టి మనిషి. చేతిలో గుడ్డసంచీ, అందులోంచి గోంగూర కట్టల తలలు. తలుపుకి మొహం ఆనించి చూశాడు. సరిగ్గా ఆమె కళ్ళలోకే చూశాడు, ఆమె కనపడలేదు. వెనక్కి జరిగి, జేబులోంచి ఫోను తీసి, ఒక్కొక్క అంకే నొక్కాడు. బల్ల మీద భానుప్రకాష్ ఫోను మోగింది.

“ఆఁ, వచ్చానమ్మా. తలుపు మూసుంది. సారు ఉండాడా?”

మాట సిద్ధంగానే ఉంది, నాలిక చివర, ఎప్పటిలాగే. అక్కడి దాకా వచ్చి నిలబడింది. అద్దానికి అవతల ఆయన చెవికి ఫోను గట్టిగా అదుముకుని వింటున్నాడు. ఇన్నాళ్ళూ తన మాట నమ్మిన మొహం అదా, అనుకుంది హిమజ. చెంపల మీద నెరిసిన గడ్డం, వాన చుక్కలు.

“బ్రహ్మయ్య గారూ. సారు లేరండీ.”

“అదేంది, ఉంటాడంటివే. మళ్ళీ స్లాబు కాడికి పోయాడా?”

“చనిపోయారండీ. మాఘమాసంలో. స్లాబు దగ్గరే.”

ఆయన ఫోను చెవి దగ్గర నుంచి తీసి దాని వంక చూశాడు. మళ్ళీ చెవికి పెట్టుకున్నాడు. సంచీ మెల్లిగా మెట్టు మీద దించాడు. నెత్తి మీది తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు, తుంపర పడుతూనే ఉంది. ఇప్పుడు తిడతాడు, తిట్టనీ, అనుకుంది.

“మరి ఇన్నాళ్ళూ నాకు జవాబు చెప్పిందెవరమ్మా?”

“నేనేనండీ. ఆయన ఎప్పుడో చెప్పినవే. నేను... మీరు అడుగుతుంటే చెప్పాను.”

“కోప్పడ్డాడంటివే గ్రావెలు కాడ.”

“కోప్పడతారండీ,” అంది హిమజ. “ఉంటే కోప్పడేవారండీ.”

ఆయన వంగి సంచీ తీసుకున్నాడు. రోడ్డు వైపు తిరిగాడు. అయిపోయింది, వెళ్ళిపోతాడు, వెళ్ళిపోవడమే న్యాయం. ఒక ఆటో హారను కొట్టుకుంటూ పోయింది. ఆయన దాన్ని పోనిచ్చి, అలా వీధి వైపు చూస్తూనే, ఫోన్లో అన్నాడు.

“సారు మొకం చూద్దామని వచ్చా. తలుపు తియ్యి తల్లీ.”

హిమజ లేచింది. తలుపు దగ్గరికి కాదు, ముందు సొరుగు దగ్గరికి వెళ్ళింది. దండ జారిపోకుండా రెండు చేతులతో ఫోటో పైకి తీసింది, ఫ్రేముకి అంటిన టైల్స్ దుమ్ము కొంగుతో తుడిచింది. అప్పుడు వెళ్ళి తలుపు తీసింది. ఆయన చెప్పులు మెట్టు మీదే విడిచి లోపలికొచ్చాడు, గోంగూర సంచీ బల్ల మీద పెట్టాడు, తడిచేతులు తువ్వాలుకి రెండువైపులా తుడుచుకుని చాచాడు. ఆమె ఫోటో ఆ చేతుల్లో పెట్టింది. ఆయన కుర్చీలో కూర్చుని, దాన్ని ఒళ్ళో ఆనించుకుని, కళ్ళజోడు లేకుండా చూడ్డానికి కొంచెం దూరం పట్టుకుని చూస్తున్నాడు. హెల్మెట్టు, చికిలించిన కళ్ళు, ఒక్క నెరిసిన వెంట్రుక లేని మీసం. ఆమె నిలబడే చెయ్యి చాచి ‘అప్‌డేట్’ నొక్కింది. తెర మీద చిన్న చక్రం తిరగడం మొదలుపెట్టింది.

“చానా చిన్నోడు గదమ్మా,” అన్నాడు బ్రహ్మయ్య.

అవునండీ, అంది హిమజ.